కొబ్బరిమట్ట బూడిద

కోటబొమ్మాళి దాటి ఉంటుంది బండి. దాటకపోతే అక్కడే నిలబడి ఉంటుంది, సంతకి పోయే ముసలమ్మ ఎవరో గంప పైకి అందించలేక తంటాలు పడుతుంటే గార్డు జెండా చంకలో పెట్టుకుని చూస్తూ ఉంటాడు. ఏదయితేనేం, తర్వాత నౌపడా, ఆ తర్వాత పూండి, పూండిలో కదిలిందంటే ఇక్కడ పలాస స్టేషన్లో గంట కొడతారు, ఆ మోత ఈ పంచలోకి నిక్షేపంగా వినిపిస్తుంది. ఈలోగా కుక్కకి ఎడంపక్క మెడ పూర్తి కావాలి, భుజం కావాలి, తొడ కావాలి. వీపు మీది ఆ కుచ్చు సంగతి తర్వాత. తర్వాత అంటే ఎప్పుడో రత్నాలమ్మకే తెలియదు. నర్సమ్మగారి పంచలో గోనె పరుచుకుని కూర్చుంది, ఒళ్ళో నర్సమ్మగారి కుక్క. పేరు పెప్పరు. పెప్పరంటే మిరియమని తెలిసిన రోజునుంచీ ఆమె మొగుడు పోలారావు దాన్ని మిరియమనే పిలుస్తాడు, అదీ పలుకుతుంది, పిలుపులో ఏముంది, పెట్టే చెయ్యి ముఖ్యం. తెల్లటి ఒళ్ళు, వీపున నల్లటి జీను, గోధుమరంగు చెవులు, మూతికి తాసీల్దారు గడ్డం, ఒంటినిండా కొబ్బరిపీచులాంటి బిరుసు బొచ్చు. ఆ నల్లటి జీను నడిమధ్యన అరచేతి మేర తెల్లగా మొలిచింది. నాలుగు నెలల కిందట అక్కడ తెలుపు లేదు. నాలుగు నెలల కిందట నర్సమ్మ కళ్ళకి పొరలు తీయించుకోవడానికి వాల్తేరు వెళ్ళినప్పుడు ఆవిడకి గోడేదో తలుపేదో తెలిసేది కాదు. ఇవాళ కళ్ళతో వస్తోంది. కొత్తగా వచ్చిన కళ్ళు ముందు దేన్ని చూస్తాయి, దీన్నే చూస్తాయి. చూడాలనే కదా నాలుగు నెలలుగా రత్నాలమ్మ దండాలు పెట్టుకున్నది. చూడకుండా ఉంటే బాగుండునని కూడా అనిపిస్తోంది, పాపిష్టి మనసు.

పక్కన డబ్బాలో బూడిద. కొబ్బరిమట్టలు కాల్చి, గుడ్డలో జల్లించి, ముట్టుకుంటే పిండిలా ఉండే బూడిద. బొటనవేలూ చూపుడువేలూ అందులో ముంచాలి, ఎడంచేత్తో తోలు కదలకుండా నొక్కి పట్టుకోవాలి, నాలుగు వెంట్రుకలు, అయిదుకి మించకుండా, మొదలంటా పట్టి బొచ్చు వాలిన వైపుకే లాగాలి. వేళ్ళతో కాదు, మణికట్టుతో. చచ్చిన వెంట్రుక వచ్చేస్తుంది. చప్పుడుండదు, కానీ వేలికి తెలుస్తుంది, అదిగో వదిలింది అని. దాని కింద పొట్టిగా, నిగనిగలాడుతూ కొత్తది కనిపిస్తుంది, అప్పటిదాకా దాక్కుని ఉన్నట్టు. మొదటిసారి ఇది చూసి పోలారావు గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటే, ఏటి సేత్తన్నావు? కోడిని పీకినట్టు పీకతన్నావు, కూరొండుతావా ఏటి?" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళలో అదే మాట నలభై సార్లన్నాడు, అన్న ప్రతిసారీ తనే నవ్వుకున్నాడు, మంచివాడే గానీ మాటల పేదవాడు. కత్తిరించీరాదా, మంగలిని పిలవరాదా అని కూడా అన్నాడు. మంగలిని పిలిచిన ముచ్చటా అయింది, రత్నాలమ్మ రాకముందే, రైల్వే కాలనీకి వచ్చే మంగలి మిషను తోసేస్తే ఆ ఏడు బొచ్చు దూదిలా మెత్తగా, వెలిసిపోయిన రంగుతో మొలిచిందట, వాన చినుకు పడితే తోలుదాకా తడిసి కుక్క గజగజ వణికేదట. పైన కోస్తే చచ్చింది లోపలే ఉండిపోతుంది, కొత్తదానికి దారి ఉండదు, అని నర్సమ్మ చెప్పింది. చేత్తోనే తియ్యాలి. ఏడాదికి రెండుసార్లు, కూర్చుని, ఓపిగ్గా.

ఓపికంటే గుర్తొచ్చేది ఆకుమడి, వరినారు పోసిన మడి. ఉద్దానంలో పుట్టిన పిల్లకి కొబ్బరిచెట్టు ఎక్కడం రాకపోయినా ఆకు తియ్యడం రాకపోతే అత్తారింట్లో పరువుండదు. మోకాటి దాకా బురద, వంగిన నడుము, పక్కన అమ్మ. నారుని నిలువుగా పీకితే మొదట్లో తెగుతుంది, కాస్త వాల్చి, నాలుగేసి పరకలు, వేరుకి దగ్గరగా పట్టి లాగితే మట్టి తనే వదులుతుంది. "ఏళ్ళతో కాదే, మనికట్టుతో" అని అమ్మ అనేది. అచ్చం ఈ మాటే. అదేమిటో, బురదలో అమ్మ చెప్పిన మాటే పదేళ్ళ తర్వాత గౌను వేసుకున్న నర్సమ్మ నోట విన్నప్పుడు రత్నాలమ్మ పని ఆపి ఆవిడ మొహం చూసింది. అమ్మా ఆవిడా ఒకరినొకరు చూసుకోనైనా లేదు. అమ్మ సాయంత్రాలు గుమ్మంలో కూర్చోబెట్టుకుని తల చూసేది, సముద్రం మీదనుంచి గాలి కొట్టేది, జుట్టు పాయలు పాయలుగా తీసి చూస్తుంటే నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పుడు ఈ కుక్క కళ్ళు అలాగే మూస్తోంది చూడు. మెడ దగ్గరకొచ్చేసరికి తనే తల వాల్చేసింది. నీకూ అమ్మ గుర్తొచ్చిందా మిరియం.

నౌపడాలో ఉప్పు బస్తాల వాళ్ళు ఎక్కుతారు, అక్కడ కాస్త ఆలస్యమవుతుంది. కానీయ్. భుజం అయిపోయింది. గోనె మీద చచ్చిన బొచ్చు కుప్పపడుతోంది, గాలికి కొంత ఎగిరి నందివర్ధనం మొక్కలో చిక్కుకుంది, పిచ్చుకలు పట్టుకుపోతాయి లెండి గూటికి. కాశీబుగ్గ వైపునుంచి జీడిపిక్కలు వేపుతున్న పొగ వస్తోంది. ఆ వాసన తగిలితే చాలు రత్నాలమ్మ వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. జీడి షెడ్డులో చేరిన మొదటి నెల, వేపిన పిక్క చెక్కసుత్తితో కొడితే రసం చిమ్మి వేళ్ళకంటుకునేది, నల్లగా, జిగటగా, అప్పటికేమీ అనిపించదు, సాయంత్రానికి బొబ్బలు. అన్నం కలుపుకోలేక చెంచా కావాలంటే అత్త నవ్వింది. ఎవరో చెబితే రైల్వే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ పెద్దావిడ, పేరు ఐరీన్ పెరీరా అట, ఊరందరికీ నర్సమ్మ. ఆవిడ రత్నాలమ్మ రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ చూసింది. అలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు అమ్మ తర్వాత ఆవిడే. "పని మానీవే" అంది. "మానీత్తే తినడమేటమ్మా" అంది రత్నాలమ్మ. నర్సమ్మ కట్టుగుడ్డ అందుకుంది. ఆ జవాబుకి కోప్పడకుండా ఊరుకున్నందుకే రత్నాలమ్మకి ఆవిడంటే ప్రాణం. నెల్లాళ్ళు రోజూ సాయంత్రం కట్టు మార్చింది, ముందు ఆముదం రాసుకుని ఆపైన బూడిద అద్దుకుని పిక్క ముట్టుకోమని నేర్పింది, మానిన చేతుల్ని వెలుగులో తిప్పి చూసి తనే సంతోషపడింది. చేతులు మానాయి గానీ వేలికొసలు నున్నగా అయిపోయాయి. గీతలు పోయాయి. ఎక్కడయినా వేలిముద్ర వెయ్యమంటే మరక పడుతుంది, అంతే.

ఆ తర్వాత రెండేళ్ళకి నర్సమ్మ వేళ్ళు బిగుసుకోవడం మొదలయింది. వాతం. ఊళ్ళో సగంమందిని పురిట్లో బయటికి లాగిన చేతులవి, సూది పట్టలేకపోయాయి. ఉద్యోగం అయిపోయింది, కాలనీలోంచి ఈ పెంకుటింటికి మారింది, తోడుగా ఈ కుక్క. ఒకనాడు నర్సమ్మ ఇదే పంచలో కూర్చుని బొచ్చు లాగుతూ, లాగలేక, వేళ్ళని ఇంకెవరివో అన్నట్టు చూసుకుంటూ ఉంటే రత్నాలమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "రత్నాలూ, నీ ఏళ్ళు నాకో గంట అరువిత్తావా?" అని అడిగింది. ఏం మాటలే అవి. ఈ వేళ్ళతో ఎవరికేం పనుంటుంది, చూస్తేనే మొహం తిప్పుకుంటారు, గాజుల దుకాణంవాడు గాజు తొడగడానికి చెయ్యి పట్టుకోకుండా మీరే తొడుక్కోండమ్మా అంటాడు. అలాంటి వేళ్ళు కావాలని అడిగింది. మొదటిరోజు ఒక్కసారే గుప్పెడు పట్టి లాగింది రత్నాలమ్మ, కుక్క కీచుమని మణికట్టు కొరికింది, నర్సమ్మ నవ్వింది. "పండినాకు సెట్టే వదిలీత్తాది. పచ్చాకు లాగితే సెట్టు ఏడుత్తాది. పండిందో నేదో దాన్నే అడుగు. నాలుగెంటికలు లాగి సూడు, తల తిప్పితే పండనేదు, తిప్పకపోతే పండినట్టు." అలా అడగడం నేర్చుకుంది. కానీ నున్నటి కొసల్లోంచి వెంట్రుక జారిపోయేది. నర్సమ్మ సుద్దముక్క పొడి రాసుకునేది, అది పనిచెయ్యలేదు. అప్పుడు రత్నాలమ్మకి షెడ్డులో బూడిద గుర్తొచ్చింది, వంటింట్లోకి వెళ్ళి పొయ్యిలో బూడిద తెచ్చి వేళ్ళకి అద్దుకుంది. పట్టు దొరికింది. "దొరసాన్లకి తెల్దిది" అని నర్సమ్మ మురిసిపోయింది, కొబ్బరిమట్ట బూడిదయితే మెత్తగా ఉంటుందని తనే కనిపెట్టింది. ఆ రోజు రత్నాలమ్మ ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళింది. చదువురాని మనిషి చదువుకున్న మనిషికి ఒకటి నేర్పింది కదా, నడక అలాగే ఉంటుంది.

మెడ కింద మెత్తటి చోటు. ఇక్కడ మరీ నెమ్మది. రెండు రెండు వెంట్రుకలు. పెప్పరు గుటక వేస్తే వేలికి తెలుస్తోంది. ఇంత మెత్తటి ప్రాణిని, ఎలా చేతులొచ్చాయే నీకు. చేతులు రాలేదు, చూసుకోలేదు, అంతే. నర్సమ్మని వాల్తేరు బండెక్కించిన మర్నాడు. కార్తీకంలో ముసురు. "నువ్వున్నావని ఎల్తన్నాను" అంది కిటికీలోంచి, చెయ్యి గాల్లో తడుముతూ, రత్నాలమ్మ చెయ్యి అందించేదాకా. ఆ మాట తలలో పెట్టుకుని మర్నాడు షెడ్డునుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది, మిగిలిపోయిన వీపు కాస్తా ఆ సాయంత్రమే పూర్తి చెయ్యాలని, ఆత్రగత్తె. ఇంట్లో బూడిద తడిసి ముద్దయింది. చేతిసంచిలో షెడ్డు డబ్బా ఉంది. బూడిదే కదా. చేతులు మూడుసార్లు కడుక్కుంది, సబ్బుతో, కుంకుడురసంతో, మళ్ళీ సబ్బుతో, అంత జాగ్రత్త మనిషి, కడుక్కున్న చేతుల్ని తీసుకెళ్ళి పొద్దల్లా జీడివేళ్ళు ముంచిన బూడిదలోనే ముంచింది. జారుతోందని వీపు మీద కూడా గుప్పెడు జల్లి రుద్దింది. తను తిట్టుకోని తిట్టు లేదు ఇప్పటికీ. పామును చంపుతానని పామునే కర్రగా పట్టుకున్నట్టు.

మర్నాడు తెల్లారేసరికి వీపు వాచి, నీరు కారి, కుక్క మూల నక్కి మూలుగుతోంది. రత్నాలమ్మ దగ్గరికెళితే ఆ చేతులు చూసి గోడకి అంటుకుపోయింది. కొరకలేదు. కొరికినా బాగుండేది. భయపడింది, ఈ చేతుల్నే చూసి. అప్పుడామె ఏడవలేదు, మధ్యాన్నం కూర్మనాథం మేష్టారి వీధరుగు మీద కూర్చున్నాక ఏడ్చింది. బడి పంతులుగా చేసి మానేసిన ఆయన, ఊళ్ళో ఇంగ్లీషు ఉత్తరం రాయాలన్నా చదవాలన్నా ఆయనే. వారానికో కార్డు రాయిస్తానని నర్సమ్మకి మాటిచ్చింది. జరిగిందంతా చెప్పింది, కొంగు తడిసేదాకా చెప్పింది. అంతా విని, "ఏం రాయమంటావమ్మా మరి?" అన్నారాయన. "పెప్పరు బాగున్నాడని రాయండి బాబూ. కళ్ళకి కట్టు కట్టుకుని పడుకున్న మనిసి, ఏడిత్తే ఆ కళ్ళు పోతాయట. మానేక నానే సెప్పుకుంతాను, ఇప్పుడొద్దు." ఆయన కళ్ళజోడు పైనుంచి ఓసారి చూసి, కార్డు పక్కన పెట్టి కవరు తీశారు. చాలాసేపు రాశారు. బాగున్నాడు అనే ఒక్క ముక్కకి అంతసేపెందుకో అనుకుంది. ఇంగ్లీషులో ఒక్క ముక్కకి పది ముక్కలు కావాలి కాబోలు. అడుగున వేలిముద్ర వెయ్యమంటే వేసింది, యథాప్రకారం మరక.

గూడ్సు ఏదో వెళుతోంది బెరంపురం వైపు, పెప్పరు చెవి కదిలించింది, అంతే. అయిదోరోజున వచ్చింది నర్సమ్మ జవాబు. వాల్తేరులో ఉండే వాళ్ళక్క చేత రాయించింది, మేష్టారు చదివి తెలుగులో చెప్పారు. "రత్నాలూ, చలికాలంలో పెప్పరు వీపు పొడారిపోతూ ఉంటుంది. ఆసుపత్రి కాంపౌండరు దగ్గర జింకు పొడి అడిగి కాచిన కొబ్బరినూనెలో కలిపి పూట పూటకీ రాయి. నాక్కోకుండా నా పాత గౌను చింపి చొక్కాలా కట్టు. నీళ్ళు పొయ్యకు." ఇంత సరిగ్గా ఇదే మందు, ఇప్పుడే, ఇదంతా ఆవిడ ఎందుకు రాయాలి. అమ్మోరి దయ కాక మరేమిటి. అక్కడికక్కడే కొబ్బరికాయ మొక్కుకుంది. రాసింది, చొక్కా కట్టింది, గులాబీపూల గౌను ముక్క కట్టుకుని తిరుగుతున్న కుక్కని చూసి పోలారావు పెళ్ళికూతురన్నాడు. తర్వాతి ఉత్తరంలో ఇంకో మాట. "వాడు ఒక్కోసారి చేతికి దూరంగా జరుగుతాడు. అప్పుడు నువ్వు దగ్గరికి వెళ్ళకు. ఊరికే కూర్చో. వాడే వస్తాడు." అప్పుడూ అమ్మోరే, ఇంకో కొబ్బరికాయ. కూర్చుంది. షెడ్డునుంచి వచ్చి, కడుక్కుని, ఈ పంచలో చేతులు ఒళ్ళో బోర్లించుకుని రోజూ ఊరికే కూర్చుంది, పనీపాటా లేనిదానిలా. పదకొండు రోజులు. పన్నెండోనాడు వాడొచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించాడు. అప్పుడు ఎవరికి దండం పెట్టాలో తెలియక కొబ్బరిచెట్టుకి పెట్టింది, పెట్టి నవ్వుకుంది. ఇంత ఉపకారం ఈ జన్మలో ఇంకెవరు చేశారు ఆమెకి. పోలారావు చేశాడు, కాదనకూడదు, ఉతుకూ వంటా ఎగ్గొట్టి కుక్క చుట్టూ తిరుగుతుంటే ఒక్కనాడూ కసరలేదు. మేష్టారు చేశారు, కాగితానికీ కలానికీ ఏమీ పుచ్చుకోలేదు. అమ్మ చేసింది ఆకుమడిలో. నర్సమ్మ సరేసరి. అందరి ధర్మమూ తిని కూర్చున్న మనిషి, ఇంత అబద్ధం ఆడింది.

గంట కొట్టారు. పూండిలో కదిలింది బండి.

తొడ అయిపోయింది, దాంతో రెండో పక్కా అయిపోయింది, కుక్క కొత్త పాత్రలా మెరుస్తోంది, వీపు మధ్యన మాత్రం అరచేతి మేర పొడుగాటి తెల్లకుచ్చు నిలబడి ఉంది, గొరిగించుకుంటూ మధ్యలో లేచొచ్చినవాడి పిలకలా. మూడు రోజులుగా షెడ్డుకి వెళ్ళలేదు, చేతులకి జీడి వాసన కూడా తగలనివ్వలేదు, బూడిద తన కళ్ళముందే కాల్చింది. అయినా చెయ్యి అక్కడికి వెళ్ళేసరికి ఆగిపోతోంది. కుక్క ఏమీ అనకుండానే ఆగిపోతోంది. అక్కడ లాగితే వాడు తల తిప్పుతాడేమో. తిప్పితే, నాలుగు నెలలూ మళ్ళీ మొదటికొస్తాయి. తిప్పకపోతే? అదీ ఆలోచించడానికి భయం. పొద్దున స్టేషనుకి బయల్దేరుతూ పోలారావు చెప్పాడు. "తెల్లెంటికలు ముసలితనానికొచ్చేయని సెప్పీ. కుక్కలకి రావేటి? ఉన్నమాట సెప్పి ఒచ్చిన మనిసిని ఏడిపించకు." మంచిమాటే. అలా చెప్పెయ్యవచ్చు. నోరు మెదపకపోయినా నర్సమ్మ నమ్ముతుంది. నువ్వున్నావని వెళుతున్నాను అన్న మనిషి నమ్మదూ. అదే అడ్డం వస్తోంది. ఆ చూపులేని కళ్ళ దగ్గర అబద్ధం దాగింది, చూపొచ్చిన కళ్ళ దగ్గర దాచాలంటే ఇంక రోజూ దాచాలి. ఈ పంచలో, ఈ గోనె మీద, ఈ చేతులతో. వద్దు. కుక్కని తీసుకుపోయి, ఇంక రావద్దంటే? రాదు. ఎక్కడో దూరంనుంచి చూసుకుంటుంది. ఆవిడకి చూపొచ్చింది, వాడు దగ్గరికొచ్చాడు కదా, అది చాలదా. చాలదు, చాలదని తనకీ తెలుసు. బండి కూసింది. కుక్క లేచి నిలబడి ఒళ్ళు దులుపుకుని గేటు వైపు చెవులు రిక్కించింది. ఎలా తెలుసో వాడికి.

ముందు పోలారావు నెత్తిన ట్రంకు పెట్టె కనిపించింది, వెనకాల నర్సమ్మ, తెల్ల గౌను, చేతికర్ర, మందపాటి అద్దాల కళ్ళజోడు, ఆ అద్దాల వెనక కళ్ళు ఇంతింత. పెప్పరు బాణంలా వెళ్ళి పడింది. నర్సమ్మ కూలబడినంత పనయింది, దాని గడ్డం పట్టుకుని, చెవులు పట్టుకుని, ఏదో ఇంగ్లీషులో గొణుగుతూ, నవ్వుతూ, ఏడుస్తూ. ఏడవకూడదని చెప్పారు కదమ్మా. రత్నాలమ్మ బూడిద చేతులతో అలాగే నిలబడిపోయింది. నర్సమ్మ తన చెయ్యి కుక్క వీపు మీదికి తీసుకెళ్ళింది, కుచ్చు దగ్గర ఆగింది. ఆగకపోతే రత్నాలమ్మ చెప్పేదో లేదో.

"నర్సమ్మా, అది నానే కాల్సేను. సెడ్డు బూడిద రాసీసేను. మీరెల్లిన మర్నాడే. బాగున్నాడని అబద్దం రాయించేను. ముసలితనం కాదమ్మా, నా సేతులే."

ట్రంకు నెత్తినే ఉంది, పోలారావు దించలేదు. నర్సమ్మ తల ఎత్తి, అద్దాలు సర్దుకుని, ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. పొరలు కమ్మిన ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారే మరి.

"ఎరుగుదును" అంది. "మేష్టారు ఫస్టు ఉత్తరంలోనే రాసీసేరు. నాలుగు పేజీలు. పిల్ల ఒకటే ఏడుత్తాంది, మీకు తెల్దనుకోనీండి, మానేక తనే సెప్పుకుంతానంటాంది అని. జింకు నూని ఊరకనే రాసేననుకున్నావేటి?"

రెండు కొబ్బరికాయలు. రెండూ కొట్టేసింది కూడా. రత్నాలమ్మకి ముందు గుర్తొచ్చింది అదే, నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి రెండింటిలో ఏది వస్తోందో తెలియలేదు. అమ్మోరు కాదు, అక్కడ కళ్ళకి కట్టుతో, తల కదపకూడని మంచం మీద పడుకుని, నర్సమ్మే ఇక్కడ కుక్క వీపుకి మందు రాయించింది, దూరంగా కూర్చోబెట్టింది, దగ్గరికి రప్పించింది. కుక్కనొక్కదాన్నేనా. కొట్టిన కాయల మాట అమ్మోరు ఏమీ అనుకోదులే, ఆవిడ చేత ఆ ఉత్తరాలు రాయించింది మాత్రం ఎవరు. నాలుగు నెలలుగా తను దాచిపెట్టానని కుమిలిన బరువుని రెండోకొసన ఇంకొకరు పట్టుకునే ఉన్నారు. కాళ్ళు పట్టుకుందామని వంగితే నర్సమ్మ వంకర్లు తిరిగిన వేళ్ళతో భుజం పట్టి ఆపింది.

"అదంతా సరేగానీ, ఇక్కడెందుకొగ్గీసినావు?" అంది కుచ్చు చూపించి.

"సెయ్యి రావట్నేదమ్మా."

"వాడినడిగేవా?"

అడగలేదు. అన్నాళ్ళుగా అందరినీ అడిగింది, వాడిని అడగలేదు. నర్సమ్మ పంచలో కుర్చీలో కూర్చుంది, ఒక కాలు ముందుకి చాపి. కుక్క ఆవిడ దగ్గర ఉండిపోతుందనుకుంది రత్నాలమ్మ, నాలుగు నెలల తర్వాత వచ్చిన మనిషి కదా. అది ఇద్దరినీ చూసి, వచ్చి గోనె మీద తన చోట్లో పడుకుని ముందు కాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది. రత్నాలమ్మ డబ్బా దగ్గరికి లాక్కుంది, వాసన చూసింది, ఉత్త కొబ్బరిమట్ట. వేళ్ళు ముంచింది. ఎడంచేత్తో ఆ చోటు పక్కన తోలు నొక్కి పట్టుకుంది, వెచ్చగా ఉంది, వాడి ఊపిరి చేతికి తగులుతోంది. నాలుగు వెంట్రుకలు. మొదలంటా. మణికట్టుతో.

వచ్చేశాయి. తెల్లటివి, నాలుగూ, బొటనవేలి మీద బూడిదలో పడుకుని ఉన్నాయి. వాటి కింద కొత్తవి మొలిచి ఉన్నాయి, కొన్ని తెలుపు, కొన్ని నలుపు.

పెప్పరు తల తిప్పలేదు.